కప్పు విప్పిన బడి

గ్రేసమ్మ టీచర్ చనిపోయిన సంగతి మా సంఘం పాస్టరుగారు ఆదివారం ఆరాధన అయిపోయాక ప్రకటనల్లో చదివారు. ఆయన చిన్నవాడు, ఆమె ఎవరో ఆయనకు తెలియదు. గిద్దలూరు నుంచి ఫోనులో వచ్చిన కబురు చదివి, "ఒకప్పుడు మన ఊరి మిషను బడిలో కూడా కొంతకాలం పనిచేశారంట" అని ఒక మాట కలిపి, స్త్రీల కూడిక ఎప్పుడో చెప్పి ముగించారు. గుడిలో ఆమెను ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మరుసటి రోజు పొద్దున్నే కొమరోలు మీదుగా పోయే బస్సెక్కి గిద్దలూరు చేరుకున్నాను.

సమాధుల తోటలో జనం బాగానే ఉన్నారు. తల నెరిసినవాళ్లు, ఉద్యోగాలు చేసి దిగినవాళ్లు, అందరూ ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. పెట్టె గుంత పక్కన దించాక వాళ్లంతా నిలబడి ఒక పొడుగాటి కీర్తన ఒక్క గొంతుతో అప్పజెప్పారు. ఒక్క మాట తడబడలేదు. చిన్నప్పుడు ఆమె అట్ల వల్లె వేయించిందట. ఆ తర్వాత పెట్టె కిందికి మోకులు దూర్చి మగవాళ్లు నలుగురు దించడం మొదలుపెట్టారు. "నిదానం, నిదానం. తలవైపు వదలొద్దు" అని ఎవరో అంటున్నారు. నా కుడి అరచెయ్యి దానంతట అదే మూసుకుంది. ఒక మనిషిని మోకు మీద దించడమంటే ఎట్ల ఉంటుందో ఆ చేతికి తెలుసు. చిన్నప్పుడు మా చెల్లెలు దీనమ్మను, గ్రేసమ్మ టీచర్ చెబితేనే, బడి కప్పు మీది నుంచి మోకులతో దించినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

దీనమ్మ నాకంటే చిన్నది. నడక నేర్చిన కొత్తలో జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు కాళ్లు కూడా పోయాయి. నడుము పైన అందరిలాగే ఉండేది, అందరికంటే గట్టిగా ఉండేది. చేతుల మీద ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగి తిరిగి దాని భుజాలు మగపిల్లవాడి భుజాల్లా తయారయ్యాయి. మోకాళ్ల కింద మాత్రం జొన్న దంట్లు. మా ఇంట్లో పొద్దున లేవగానే వచ్చే వాసన ఆముదం వాసనే. అవ్వ ఇనుప గంటెలో ఆముదం పోసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, పొయ్యి మీద కాచి దాని కాళ్లకు పామేది. పామినంతసేపూ ప్రార్థన చేసేది. అవ్వ చిన్నతనంలోనే బాప్తిస్మం తీసుకున్న మనిషి, గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెబితే అందరూ వినేవాళ్లు. అయినా పక్క ఊరి దర్గా నుంచి ఒక తావీజు తెచ్చి దీనమ్మ నడుముకు కట్టింది. అదేంది అవ్వా అంటే, "ప్రభువుకు చెప్పే కట్టినాలే. ఆయనేం అనుకోడు" అనేది.

అమ్మ పొద్దెక్కకముందే కూలికి పోయేది. నాయన తోలు పని చేసేవాడు. రైతుల బావుల్లోంచి నీళ్లు తోడే కపిలి బానలు కుట్టడం, ఎద్దుల మెడపట్టీలు, చెప్పులు. పంటలప్పుడు వాళ్లిచ్చే గింజలతో మా ఇల్లు గడిచేది. ఇక దీనమ్మను ఎత్తుకోవడం నా పని. దాన్ని బడిలో వేయాలని నాయనకు పట్టుదల. "కాళ్లు లేని బిడ్డకు అక్షరమన్నా ఉండాల" అనేవాడు. ఆ అక్షరం దగ్గరికి దాన్ని చంకన మోసుకుపోయి దించి, మధ్యలో అవసరమైతే బయటికి తీసుకుపోయి, సాయంత్రం మళ్లీ మోసుకురావాలి. అందుకని నేను బడి గడప మీదనే కూర్చునేదాన్ని. లోపల అది పలక మీద దిద్దుకునేది, బయట నేను వేపపుల్లలు విరుచుకుంటూ కూర్చునేదాన్ని. నన్ను కూడా లోపల కూర్చోబెడితే ఏమని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. బడి వదిలాక మళ్లీ గేదెల వెంట పోవాలి.

బడిలో శుక్రవారం చివరి గంట వాక్యం గంట, బైబిలు చెప్పే గంట. గ్రేసమ్మ టీచర్ రాకముందున్న అయ్యవారు బెత్తం పట్టుకొని వచనాలు అప్పజెప్పించేవాడు. తప్పిన వాళ్ల ఏడుపు నాకు గడప మీదికి వినపడేది. గ్రేసమ్మ టీచర్ ఒంగోలు దిక్కు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది, అంగలు వేసుకుంటూ నడిచేది. ఆమె వచ్చిన మొదటి శుక్రవారమే గడప దగ్గరికి వచ్చి నన్ను చూసింది.

"ఏం అమ్మాయ్, లోపలికి రావేం?"

"నాకు పలక లేదు టీచరమ్మా. నేను దీనమ్మను ఎత్తుకొచ్చేదాన్ని."

"ఈ గంటకు పలక అక్కర్లేదు. లేచి రా."

ఆ గంటకు నిజంగానే పలక అక్కర్లేకపోయింది. ఆమె మమ్మల్ని వాగులోకి తీసుకుపోయి ఇసుకలో ఏరు తవ్వించింది. కుండలతో నీళ్లు తెచ్చి పోయించి, ఇటు పక్క ఎడారి, అటు పక్క వాగ్దాన దేశం అని చెప్పి, మమ్మల్ని మూటలు నెత్తిన పెట్టుకొని దాటమంది. దీనమ్మను నేను ఎత్తుకొని దాటాను. విత్తనాలు చల్లినవాడి కథ చెప్పే ముందు అందరికీ పిడికెడు సజ్జలిచ్చి, దారి మీద కొన్ని, నాపరాళ్ల మీద కొన్ని, కంపలో కొన్ని, దున్నిన నేలలో కొన్ని చల్లించింది. కథ మాత్రం చెప్పలేదు. వారం వారం పోయి చూసి రమ్మంది. పిట్టలు తిన్నవేవో, ఎండినవేవో, మొలిచినవేవో మేమే వచ్చి చెప్పాము. అప్పుడు, "కథ మీరే చెప్పేశారు, ఇక నేను చెప్పేదేముంది?" అని నవ్వింది. పిండిని పులియబెట్టే కథకు, "మన ఇళ్లల్లో రొట్టె ఎవరు పులియబెడతారు? తోడు పెడదాం" అని వెంకటేశు ఇంటి నుంచి చెంబుడు పాలు తెప్పించింది. అందులో ఒక చుక్క మజ్జిగ వేసి మూతపెట్టి మమ్మల్ని ఇళ్లకు పంపించింది. తెల్లారి మూత తీసి చూసినప్పుడు పిల్లలు నోరు తెరిచిన తీరు నాకు ఇంకా కళ్లలో ఉంది. రోజూ ఇంట్లో చూసే పెరుగే. అయినా అంతకుముందు ఎన్నడూ చూడనట్టు చూశాము.

వెంకటేశు రైతుల బిడ్డ. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క బడే కాబట్టి వాళ్ల పిల్లలూ, గొర్లకాపరుల పిల్లలూ, మా పిల్లలూ అందరూ అందులోనే. వాక్యం గంటకు ఇంటికి పోవాలంటే పోవచ్చని టీచర్ వాళ్లకు చెప్పింది. ఒక్కడూ పోలేదు. తప్పిపోయిన గొర్రె కథ రోజు ఆమె కాపరి రాముడు పెదనాయన దొడ్డి నుంచి ఒక గొర్రెపిల్లను అడిగి తెప్పించి, బడి వెనక కంపచెట్టుకు కట్టి, వెతకమని మమ్మల్ని వదిలింది. మేము చెట్టు దగ్గరికి పోయేసరికి తాడు మాత్రమే ఉంది. కథ కాస్తా నిజమైపోయింది. టీచరుతో సహా అందరం పొలాలంట పరుగులు. రాముడు పెదనాయన కర్ర పట్టుకొని వచ్చినాడు.

"టీచరమ్మా, మీ దేవునికి గొర్రె కావాలంటే మీరు కొనుక్కోండి. నా పిల్ల యాడుందో చెప్పండి ముందు."

దొరికింది వెంకటేశు వాళ్ల కంది చేలో. వాళ్ల నాయన గట్టు మీద నిలబడి, "తప్పిపోయిన గొర్రె దొరికిందిలే. అది తిన్న కంది యాడ దొరుకుతది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీచర్ చెమట తుడుచుకుంటూ, "పిల్లలూ, కాపరికి ఎట్లా ఉండేదో తెలిసిందా?" అంది. తెలిసింది. నా కాళ్లలో ముళ్లు కూడా దిగాయి.

మా సంఘపెద్ద యాకోబు తాతకు ఇదంతా గిట్టేది కాదు. "వాక్యం భాగోతం గాదమ్మా, భయంగా ఉండాల" అని గుడి మెట్ల మీద ఆపి మరీ చెప్పేవాడు. ఆమె, "భయం చాలానే ఉంది తాతా పిల్లలకి. కాస్త ఇష్టం కూడా కలుపుదామని" అనేది. ఆయన తల ఊపుకుంటూ పోయేవాడు. మళ్లీ శుక్రవారం చివరి గంటకు ఏదో పని ఉన్నట్టు బడి కిటికీ దగ్గర నిలబడేవాడు.

దీనమ్మకు మిగతా వారమంతా ఒక ఎత్తు, ఆ గంట ఒక ఎత్తు. దాని ఒంటి మీద ఆముదం వాసన చూసి పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. అది ఊరుకునేది కాదు, "మీ ఇంట్లో దీపానికి లేని ఆముదం నా కాళ్లకుంది, పోయి ఏడువు" అనేది. కానీ ఆ గంటలో ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కథలో దానికీ ఒక పని ఉండేది. పడవలో చుక్కాని పట్టేది, రాజుగారై ఆజ్ఞలిచ్చేది. కూర్చొని చేసే పని ఏ కథలో ఉన్నా టీచర్ దానికే ఇచ్చేది.

ఆ ఎండాకాలం బడి కప్పు విప్పారు. పాత బోదగడ్డి తీసేసి, నల్లమల నుంచి కొత్తగడ్డి బండి వచ్చేదాకా వాసాల మధ్య ఆకాశం కనపడేది. టీచర్ ఒకరోజు ఆ సందులోకి చాలాసేపు చూసింది. సెలవులకు ముందు పిల్లలతో ఊరందరి ఎదుట ఒక కార్యక్రమం చేయించడం ఆ బడికి ఆనవాయితీ. ఆమె మనసులో కథ కుదిరింది. నడవలేని మనిషిని నలుగురు స్నేహితులు మంచం మీద మోసుకొస్తారు. ప్రభువున్న ఇంట్లోకి జనం దారి ఇవ్వరు. వాళ్లు కప్పు విప్పి, మంచాన్ని ఆయన ముందుకు దించుతారు. కప్పు ఎట్లాగూ విప్పి ఉంది. నడవలేని బిడ్డ ఎట్లాగూ ఉంది. ప్రేమతోనే అనుకుంది ఆమె. ఈ ఒక్క కథలో దీనమ్మ పక్కన కూర్చునే మనిషి కాదు, కథ అంతా దానిదే.

మోకు పట్టేదానికి నేను, వెంకటేశు, రాముడు పెదనాయన కూతురు ఈరమ్మ, ఇంకొక పిల్లవాడు. గోడల మీద అడ్డంగా చెక్క పలకలు పరిచి, వాటి మీద నిలబడి దించాలి. మోకులు, ముడులు నాయన చూసుకున్నాడు. మంచం మీద కందుల మూట పెట్టి దించడం నేర్చుకున్నాము. దీనమ్మను మాత్రం ఆ రోజే ఎక్కించాలని, ముందుగా ఎక్కిస్తే భయపడుతుందని టీచర్ అనుకుంది. మాటలు మాత్రం నేర్పింది. మంచం దిగుతుండగా జనాన్ని చూసి, "మీరు దారి ఇయ్యకపోతే ఏమి, నాకు ఆకాశం దారి ఇచ్చింది" అనాలి. ప్రభువుగా ఏ పిల్లవాణ్నీ నిలబెట్టనంది. ఆయన మాటలు యాకోబు తాత పక్కన నిలబడి చదవాలి. తాత మొదట, "నేనేమన్నా వేషగాన్నా?" అని ఎగిరాడు. వేషం వద్దు, చదివితే చాలని ఆమె బతిమాలింది. ఆయన గొంతు అట్లాంటిది. చివరికి ఒప్పుకున్నాడు.

చివర ఏమి చేయాలో కూడా టీచర్ ఆలోచించకపోలేదు. దీనమ్మను దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పడం నేను విన్నాను. "తాతగారు లేవమని చదవగానే నువ్వు రెండు చేతులూ పైకెత్తు. వెంటనే మేం పాట అందుకుంటాం. లేచినట్టే లెక్క."

దీనమ్మ తల ఊపింది. ఇంటికి వచ్చేటప్పుడు నా చంకలో ఉండి, నా చెవి దగ్గర మెల్లగా అన్నది. "చేతులెత్తేది సరేగానీ అక్కా, అంత పెద్దాయన లే అన్నాక లేయకపోతే బాగుంటదా?"

నేను ఏమన్నానో గుర్తు లేదు. మరుసటి రోజు అది నాయన దగ్గరికి జరిగి, "నాయనా, నాకు చెప్పులు కుట్టు" అని అడిగింది. నాయన తోలు కుట్టే ఆరె కింద పెట్టాడు. పొయ్యి దగ్గరి నుంచి అమ్మ, "నీకెందుకే చెప్పులు, నడిచేదానివా పెట్టేదానివా" అని సగంలో నోరు మూసుకుంది.

"పడక ఎత్తుకొని ఇంటికి పొమ్మంటాడు గదమ్మా. ఎండలో కాళ్లు కాలవా?"

మా ఇంట్లో అప్పుడే ఒకరు నవ్వి, "పిచ్చి బిడ్డా, అది కథ" అనుంటే ఏమయ్యేదో. ఎట్ల అంటారు? అది కథ అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ప్రతి పొద్దూ ఆ కాళ్లు పాముతూ అవ్వ అడిగేది ఆ మాట కోసమే. నాయన ఒక తోలుముక్క పరిచి, దీనమ్మను ఎత్తి దాని మీద నిలబెట్టినట్టు పట్టుకున్నాడు. బొగ్గుతో పాదాల చుట్టూ గీశాడు. ఎడమ పాదం కుడిదానికంటే చిన్నది. రెండూ వేరువేరుగానే గీశాడు. మెత్తటి తోలు చూసి కుట్టాడు. రైతుల పిల్లలకు కూడా అంత నున్నగా ఎన్నడూ కుట్టలేదు. టీచరుకు ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు. దాచాలని కాదు. దేవుని పని గదా, మాట్లాడితే దిష్టి తగులుతుందని అవ్వ వద్దంది.

ఆ రోజు ఊరంతా వచ్చింది. తమ పిల్లలున్నారని రైతులు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. లోపల మా వాళ్లు చాపల మీద. అవ్వ అందరికంటే ముందు కూర్చుంది, ఉతికిన తెల్లచీర కట్టుకొని. మేము గోడ మీదికెక్కాము. నాయన దీనమ్మను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, గోడ అంచున నిలబడ్డాడు. మోకులు వదులుతూ ఉంటే మంచం వాసాల మధ్య నుంచి దిగింది. పై నుంచి నాకు దీనమ్మ మొఖం నేరుగా కనపడింది. అది భయపడలేదు. కింద ఉన్న తలకాయలన్నీ పైకి చూస్తుంటే, వాళ్లందరినీ మొట్టమొదటిసారి పై నుంచి చూస్తూ నవ్వుతా ఉంది. ఎప్పుడూ అందరి మోకాళ్ల కాడి నుంచి లోకాన్ని చూసిన పిల్ల. దాని మాట అది గట్టిగా చెప్పింది, "మీరు దారి ఇయ్యకపోతే ఏమి, నాకు ఆకాశం దారి ఇచ్చింది." జనం నవ్వి చప్పట్లు కొట్టారు. కిటికీ దగ్గర వెంకటేశు వాళ్ల నాయన, "బలే పిల్ల" అన్నాడు.

మంచం నేలకు ఆనింది. యాకోబు తాత కళ్లద్దాలు సర్దుకొని చదివాడు. లేవమని, పడక ఎత్తుకొని ఇంటికి పొమ్మని చెప్పే ఆ మాట ఆయన గొంతులో బడి గోడలకు తగిలి తిరిగొచ్చింది. టీచర్ చెయ్యి ఊపింది. పిల్లలు పాట ఎత్తుకున్నారు. దీనమ్మ ఒక చెయ్యి ఎత్తింది, అరచెయ్యి ముందుకు పెట్టి, ఆగమన్నట్టు.

"పాట ఆపండి. నేనింకా లేయలేదు."

పాట ఒక్కొక్క గొంతూ తగ్గి ఆగిపోయింది. దీనమ్మ దిండు కింది నుంచి చెప్పులు తీసింది. చేతులతో ఒక కాలు ఎత్తి మంచం పట్టె కిందికి వేసుకొని చెప్పు తొడిగింది. రెండో కాలికి కూడా తొడిగింది. టీచర్ మొఖం తెల్లగా పాలిపోవడం పై నుంచి చూశాను. ఆమెకు అప్పుడు అర్థమైంది. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఊరంతా చూస్తూ ఉంది, ఇక ఆపడానికి ఆమెకు కూడా దారి లేదు. దీనమ్మ మంచం పట్టె మీద చేతులు ఆనించి లేచింది. నిజంగానే లేచింది, భుజాల బలం మీద. ఒక్క క్షణం అది నిలబడినట్టే ఉంది. తర్వాత చేతులు వదిలింది.

పక్కకు పడింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలోంచి మా అవ్వ గొంతు వినపడింది.

"యాకోబన్నా, మళ్లా చదువు. బిడ్డకు సరిగ్గా వినపడలేదు."

తాత మళ్లీ చదివాడు. దీనమ్మ మళ్లీ పట్టె పట్టుకుంది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. మూడోసారి అది తలెత్తి తాత వంక చూసింది. తాత పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి, కండువాతో తుడుస్తూ ఉండిపోయాడు. నాయన గోడ మీది నుంచి దూకి, జనాన్ని తోసుకుంటూ పోయి దాన్ని ఎత్తుకున్నాడు. చెప్పులు దాని కాళ్లకే ఉన్నాయి. మేము నలుగురం ఇంకా మోకులు పట్టుకొనే ఉన్నాము. వదలమని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మాటలు పుట్టాయి. కీడు తలపెట్టి అన్నవాళ్లు కారు. తెలియనిదానికి ఏదో ఒక కారణం కావాలి గదా. ఆ ఇంట్లో విశ్వాసం చాలలేదన్నారు. దర్గా తావీజు నడుముకు కట్టుకొని ప్రభువు ముందుకు పోతే ఎట్ల లేస్తదన్నారు. ఆ మాట అవ్వ చెవిన పడింది. కొడవలి తీసుకొని తావీజు కోసేసింది. అప్పటి నుంచి గుడిలో సాక్ష్యానికి లేచి నిలబడలేదు. వెనక గోడకు ఆనుకొని కూర్చొని, వచ్చిన దారినే పోయేది. ఆముదం మాత్రం మానలేదు. పామేటప్పుడు ప్రార్థన లేదు, అంతే. నాయన ఆ చెప్పుల కుట్లు విప్పేశాడు. తోలు వృథా చేసే ఇల్లు కాదు మాది. అది ఎవరి కపిలి బానకో అతుకు అయింది.

టీచర్ తెల్లారి మా ఇంటికొచ్చింది. అమ్మ చాప వేసినా దాని మీద కూర్చోకుండా నేల మీద కూర్చుంది. అవ్వ చేతిలోంచి గంటె తీసుకొని తనే దీనమ్మ కాళ్లకు ఆముదం రాసింది. దీనమ్మ ఆమెనే చూస్తూ అడిగింది.

"నేను చెడగొట్టినానా టీచర్?"

ఆమె తల అడ్డంగా ఊపింది. పాముతూనే ఉంది. ఆమె కన్నీళ్లు ఆ కాళ్ల మీదనే పడుతుంటే ఆముదంతో కలిపి పామింది. అమ్మే ఆమె భుజం పట్టుకొని లేపి, "నువ్వు మంచికే చేసినావులేమ్మా, పో" అంది.

కొత్తగడ్డి వచ్చింది, కప్పు వేశారు. శుక్రవారం చివరి గంటకు టీచర్ కుర్చీలో కూర్చొని పుస్తకం తెరిచి ఒక వచనం చదివి, తన వెనక చెప్పమంది. పిల్లలు చెప్పారు. మళ్లీ చెప్పమంది. మరుసటి శుక్రవారం కూడా అంతే. వాగు అక్కడే ఉంది, ఇసుక అక్కడే ఉంది. యాకోబు తాత కిటికీ దగ్గర కాసేపు నిలబడి, తాను కోరినట్టే జరుగుతున్న పాఠం విని వెళ్లిపోయేవాడు. పలక అక్కర్లేని గంట పోయింది కాబట్టి నేను మళ్లీ గడప మీదికి వచ్చేశాను.

దీనమ్మకు ఇది మింగుడు పడలేదు. పడిపోయినందుకు అది ఎక్కువ రోజులు ఏడవలేదు. తన వల్ల కథలు ఆగిపోయాయని ఏడిచింది. ఒకరోజు నన్ను పిలిచి కబురు చెప్పింది. "టీచరుతో చెప్పు అక్కా. ఆ కథే మళ్లా కట్టమను. ఈసారి నన్ను పైన కూర్చోబెట్టమను, మోకు పట్టుకుంటా. మోకుకు చేతులు చాలు గదా, కాళ్లతో పనేముంది? నా అంత గట్టిగా మీరెవరూ పట్టలేరు."

నేను పోయి చెప్పాను. టీచర్ గది ముందు చేటలో బియ్యం ఏరుకుంటూ ఉంది. నేను చెప్పినంతసేపు ఏరడం ఆపి విన్నది. చివరికి, "ఆలోచిస్తానని చెప్పు" అంది. ఆ మాటే వచ్చి దీనమ్మకు చెప్పాను. ప్రతి శుక్రవారం బడికి పోయేటప్పుడు నా చంకలో ఉండి అడిగేది, ఈరోజు కడతదేమో అని. సెలవులిచ్చారు. టీచర్ ఊరికి పోయింది. బడి తెరిచేసరికి ఆమె స్థానంలో ఇంకొకాయన వచ్చాడు. తనే అడిగి గిద్దలూరుకు మార్పించుకుందని తర్వాత తెలిసింది. దీనమ్మ ఆ తర్వాత కొన్ని వానలు చూసింది. ఊళ్లో ఉత్తరాలన్నీ అదే చదివిపెట్టేది. పత్తి తీసే కాలంలో రొమ్ము పట్టేసి, దగ్గుతో మంచాన పడి, లేవలేదు. ఆ చివరి రోజుల్లో ఒకసారి నవ్వుతూ, "టీచరమ్మ ఇంకా ఆలోచిస్తానే ఉందేమో అక్కా" అంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నా బిడ్డలకు పెళ్లిళ్లయ్యాక, స్త్రీల సంఘం వాళ్లు పెట్టిన తరగతిలో. కూడబలుక్కొని చదవడం వచ్చిన తర్వాత నేను మొదట వెతికించుకున్నది ఆ కథనే. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టుకొని చదివాను. రెండు సంగతులు చూసి వేలు ఆగిపోయింది. ఆ కథలో మంచం మీది మనిషి ఒక్క మాట కూడా మాట్లాడడు. దీనమ్మ చెప్పిన ఆ ఆకాశం మాట టీచర్ దాని కోసం కల్పించిందే. నోరున్న పిల్ల, ఊరికే పడుకోవడం ఎందుకని. ఇంకొకటి, ప్రభువు చూసింది ఆ పడుకున్న మనిషి విశ్వాసాన్ని అని లేదు. మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్ని చూశాడని ఉంది. అవ్వ తావీజు లెక్కలోకే రాదు. దీనమ్మ నమ్మకమూ లెక్కలోకి రాదు. ఈ సంగతి చెప్పి ఊరడించడానికి అప్పటికి వాళ్లిద్దరూ లేరు. మరి మోసినదాన్ని నేను గదా. నేను ఆ రోజు పైన నిలబడి ఏమి నమ్మానో ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. మోకు జారకూడదన్నదే గుర్తుంది. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు చదవడం రాని రోజులే మేలనిపిస్తుంది.

ఇప్పుడు మా మనుమరాలి బడిలో వాక్యం పాఠం టీవీలో బొమ్మలతో చెబుతున్నారు. బొమ్మ లేస్తుంది, మంచం చుట్టుకొని పోతుంది. పిల్లలు నవ్వుతారు, గంట కొడితే ఇంటికొస్తారు. ఎవరికీ ఏ దెబ్బా తగలదు. ఏమి నేర్చుకున్నావే అంటే, మా మనుమరాలు బొమ్మ రంగు చెబుతుంది. అది మంచిదో ఇది మంచిదో తేల్చి చెప్పే చదువు నాకు లేదు. తోడు పెట్టిన పాలు మూత తీసి చూసిన పొద్దు ఒక్కటి మాత్రం నా మనుమరాలికి ఇవ్వాలనిపిస్తుంది. దాని వెనకే ఆ కప్పు విప్పిన బడి కూడా గుర్తొచ్చి భయమేస్తుంది.

గిద్దలూరులో మట్టి పూడ్చడం అయిపోయాక బస్సు దాకా నాకు తోడు వచ్చినామె గ్రేసమ్మ టీచర్ దగ్గర చదువుకొని, తానూ టీచరై రిటైరైన మనిషి. దారిలో ఆమె టీచర్ గురించి ఎంతో గౌరవంగా చెప్పింది. పుస్తకం దాటి ఒక్క మాట మాట్లాడేది కాదట. వచనం తప్పితే మళ్లీ మళ్లీ చెప్పించేదట. క్రిస్మస్‌కు అన్ని బడుల్లో నాటకాలు వేస్తుంటే, మేమూ వేస్తామని పిల్లలు ఎంత బతిమాలినా ఒప్పుకునేది కాదట. పక్క బడి వాళ్లు వేస్తే కూడా మొదలు కాకముందే లేచి బయటికొచ్చి కూర్చునేదట.

"మీ ఊర్లో కూడా ఇట్లనే వల్లె వేయించేదా పెద్దమ్మా?"

"లేదమ్మా" అన్నాను. "మా ఊర్లో మాతో ఇసుకలో ఏరు తవ్వించింది. కథకని గొర్రెను కట్టేస్తే అది తప్పిపోయి, మా వెంట చేలన్నీ పరుగెత్తింది. నవ్వేది బాగా."

ఆమె నా మొఖంలోకి చూసి, పెద్దదాన్ని నొప్పించకూడదని కాబోలు, మెల్లగా నవ్వింది.

"మా టీచరు గాదులే పెద్దమ్మా. ఆమె పేరుతో ఇంకెవరన్నా ఉండి ఉంటారు."

బస్సు వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకొని ఎక్కించింది.

"అయ్యుంటదిలేమ్మా" అన్నాను.